లేఖనమూ, పారంపర్యమూ: క్రైస్తవులలో ప్రమాణ విచారం

హైదరాబాదు నుండి విజయవాడకు పోయే రాజమార్గం మీద సూర్యాపేట, కోదాడ పట్టణాలు ఉన్నవి. వాటికి దక్షిణాన, కృష్ణా తీరానికి చేరువగా మిర్యాలగూడ ఉన్నది. ఈ మూడూ పూర్వం నల్లగొండ జిల్లాలోనివే. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు మొదటి రెండూ సూర్యాపేట జిల్లాలో చేరినవి. మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచినది. ఈ పట్టణాలలోనూ, చుట్టుపట్ల పల్లెలలోనూ క్రైస్తవ కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నవి. కొందరిని ఊరివారు ఆర్‌.సి.ఎం. వారంటారు, కొందరిని బాప్టిస్టులంటారు. ఒకరు పోయేది దేవాలయానికి, మరొకరు పోయేది మందిరానికి. ఒకరిది దివ్యబలిపూజ, మరొకరిది ఆరాధన. ఒకరు ఫాదరుగారంటే, మరొకరు పాస్టరుగారంటారు. ఒకరి చేతిలో 'పవిత్ర గ్రంథము', మరొకరి చేతిలో 'పరిశుద్ధ గ్రంథము'. బయటివారికి ఇవన్నీ పేర్లలోని తేడాలుగానే తోస్తవి. కాని ఈ పేర్ల వెనుక అయిదు వందల ఏండ్లుగా తెగని ప్రశ్న ఒకటి ఉన్నది.

ఆ ప్రశ్న ఇది: దేవుడు మానవులకు తెలియజేసిన సత్యానికి ప్రమాణం ఏది? ప్రొటెస్టెంటు గృహాలలో ఏ ఆచారం ప్రస్తావనకు వచ్చినా మొదట వినవచ్చే మాట, "ఇది వాక్యంలో ఉన్నదా?" అని. కథోలిక గృహాలలో, "శ్రీసభ ఏమి బోధిస్తున్నది?" అని అడుగుతారు. మొదటివారికి లేఖనమే కడపటి ప్రమాణం. రెండవవారికి లేఖనమూ, అపొస్తలుల నుండి నోటిమాటగా, ఆచారంగా సంక్రమించిన పవిత్ర సంప్రదాయమూ కలిసి ప్రమాణం. వాటికి అర్థం నిర్ణయించే బాధ్యత శ్రీసభ బోధనాధికారానిది. మేము ఈ ప్రసంగంలో ఏ పక్షం తరఫునా వాదించబోము. ఉభయులూ "అవును, ఇది మా మాటే" అని ఒప్పుకొనదగిన రీతిలో ఇరువురి వాదాలనూ విడమరచి చెప్పడమే మా ఉద్దేశం.

ముందుగా ఒక లౌకిక దృష్టాంతం. ఒక చెలక గట్టు విషయమై ఇద్దరు రైతులకు తగవు వచ్చినదనుకొందాం. ఒకరు పహాణీ తెచ్చి, ఇందులో ఉన్నదే హద్దు, ఇందులో లేని మాట నాకు అక్కరలేదంటారు. రెండవవారు, కాగితం నిజమే, కాని తాతలనాటి నుండి బండ్లు నడిచే బాట ఒకటి ఉన్నది, అది కాగితంలో లేనంతమాత్రాన లేకుండా పోతుందా అంటారు. కాగితాన్ని నమ్మినవారి భయం, నోటిమాట కాలక్రమాన మారిపోతుందని. పెద్దల మాటను నమ్మినవారి భయం, కాగితాన్ని ఎవరికి తోచినట్లు వారు చదువుకొంటారని. ఇంతలో మూడవ ప్రశ్న ఒకటి బయలుదేరుతుంది: ఈ రెండింటినీ చూచి తీర్పు చెప్పవలసినది ఎవరు? క్రైస్తవులలోని ఈ వివాదం కూడా పైకి పుస్తకానికీ, నోటిమాటకూ నడుమ కనిపించినా, చివరకు చేరేది ఈ మూడవ ప్రశ్న దగ్గరకే.

ఈ రెండు మార్గాలూ నల్లగొండ సీమకు వచ్చిన విధం తెలుసుకొనవలసి ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దం మధ్య నుండి ఇటలీలోని మిలాను నగరపు మిషను సంస్థకు చెందిన కథోలిక గురువులు నిజాం రాజ్యంలో పనిచేసినారు. 1976 మే 31న నల్లగొండ కేంద్రంగా ప్రత్యేక మేత్రాసనం ఏర్పడినది. బాప్టిస్టు శాఖ నెల్లూరు, ఒంగోలు దిక్కు నుండి వచ్చినది. 1890 ప్రాంతంలో నల్లగొండలో మిషను కేంద్రం స్థాపించిన అబ్రహాం ఫ్రీజెన్ రష్యా సామ్రాజ్యంలో నివసించే జర్మను భాషీయుడు, మెన్నొనైట్ బ్రదరెన్ శాఖకు చెందినవాడు. అమెరికను బాప్టిస్టు మిషనుతో కలిసి పనిచేసినాడు. ఆ మిషను పని తరువాత సూర్యాపేటకు కూడా విస్తరించినది. మెన్నొనైట్ల మూలం 1525లో స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగరంలో పుట్టిన ఉద్యమంలో ఉన్నది. లేఖనంలో స్పష్టంగా లేదు గనుక శిశువులకు బాప్తిస్మం ఇవ్వరాదని వారు ఆనాడే తీర్మానించుకొన్నారు. మిర్యాలగూడకు ఎదురుగా కృష్ణ దాటితే పల్నాడు. అటు గుంటూరు సీమలో 1842లో హయ్యరు దొర ప్రారంభించిన లూథరను మిషను వేళ్ళూనినది. కోదాడకు తూర్పున కృష్ణా మండలంలో, 1841 నుండి మచిలీపట్నం కేంద్రంగా ఆంగ్లికను మిషను పనిచేసినది. లూథరన్లూ, ఆంగ్లికన్లూ లేఖనమే ప్రధానమని చెబుతూనే శిశువులకు బాప్తిస్మం ఇస్తారు. ఇట్లా ఈ మూడు పట్టణాల చుట్టూ, ఒక్క ప్రశ్నకు నాలుగు విధాల సమాధానం చెప్పే సంఘాలు నెలకొన్నవి.

ఈ భేదం గ్రంథాలయాలలోనే ఉండిపోతే చిక్కు లేదు. అది పెండ్లిపందిట్లోకి వస్తుంది. కోదాడలోని కథోలిక కుటుంబపు పిల్లను సూర్యాపేటలోని బాప్టిస్టు ఇంటికి ఇచ్చినారనుకొందాం. బాప్టిస్టు సంఘంలో సభ్యత్వం కావలెనంటే, ఆమె తన విశ్వాసాన్ని నలుగురి ఎదుట ఒప్పుకొని నీటిలో మునిగి బాప్తిస్మం పొందవలెనని సంఘపు పెద్దలు సాధారణంగా కోరుతారు. పసితనంలో నెత్తిన నీరు పోసినది వారి దృష్టిలో బాప్తిస్మమే కాదు. కనుక రెండవసారి ఇస్తున్నామని వారు అనుకోరు. కాని ఆ మాట వినగానే పిల్ల తల్లిదండ్రులకు గుండె కలుక్కుమంటుంది. వారికి జ్ఞానస్నానం జీవితంలో ఒక్కసారే. అది ఆత్మపై చెరగని ముద్ర. త్రిత్వ నామాన నీటితో ఇచ్చిన ప్రొటెస్టెంటు బాప్తిస్మాన్ని కథోలిక సభ చెల్లునదిగానే ఎంచుతుంది. మేము మీది ఒప్పుకొంటుంటే, మీరు మాది కాదంటారా అని వారి బాధ. అత్తవారింట ఎవరూ ఆమెను అవమానించదలచలేదు. అయినా అవమానం జరిగినట్లే అవుతుంది.

ఇక్కడ ఇరువురి వాదసరళి చూద్దాం. బాప్టిస్టులు చూపేది సువార్తలలోని క్రమం: ముందు బోధ, తరువాత నమ్మిక, ఆ తరువాత బాప్తిస్మం. నమ్మిక చెప్పలేని పసిబిడ్డకు ఆ క్రమం ఎట్లా వర్తిస్తుందని వారి ప్రశ్న. కథోలికులు అపొస్తలుల కార్యములలో పదహారవ అధ్యాయం చూపుతారు. ఫిలిప్పీ పట్టణపు చెరసాల అధికారి ఇంటివారందరితో కలిసి బాప్తిస్మం పొందినట్లు అక్కడ ఉన్నది. ఆ ఇంట పిల్లలు లేరని ఎవరనగలరని వారంటారు. దీనికి తోడు మూడవ శతాబ్దివాడైన ఓరిజెను సాక్ష్యం తెస్తారు. శిశువులకు బాప్తిస్మమిచ్చే ఆచారం అపొస్తలుల నుండి సంక్రమించినదని ఆయన వ్రాసినాడు. కాని అంతకు కొంచెం ముందు, 200 ప్రాంతంలో, తెర్తుల్లియను పిల్లలకు బాప్తిస్మం ఆలస్యం చేయడం మేలన్నాడు. ఆచారం అప్పటికే ఉన్నదనడానికీ, దానిపై అభిప్రాయభేదం ఉన్నదనడానికీ ఆ ఒక్క మాటే సాక్ష్యం. ఇట్లా లేఖనమూ, సంప్రదాయమూ రెండూ వ్యాఖ్యానం లేకుండా తీర్పు చెప్పలేకపోవడం ఈ ఒక్క ఉదాహరణలోనే కనిపిస్తున్నది.

ఈ వివాదం చరిత్రలో తీవ్రరూపం దాల్చినది పదహారవ శతాబ్దంలో. 1517లో జర్మనీలో మార్టిన్ లూథరు పాపపరిహార పత్రాల విక్రయాన్ని ఖండించినాడు. 1519లో లైప్‌జిగ్ నగరంలో జరిగిన వాదంలో, పోపులే గాక సభామండలులు కూడా పొరబడవచ్చునని అన్నాడు. 1521లో వోర్మ్స్ నగరంలో చక్రవర్తి ఎదుట, లేఖనం చేతగాని స్పష్టమైన యుక్తి చేతగాని తనను ఒప్పించనిదే వెనుకకు తీసుకోనని నిలబడినాడు. దీనికి ప్రత్యుత్తరంగా ట్రెంటు మహాసభ 1546 ఏప్రిల్ 8న, సువార్త సత్యం లిఖిత గ్రంథాలలోనూ, అలిఖిత సంప్రదాయాలలోనూ ఉన్నదనీ, రెండింటినీ సమాన భక్తితో స్వీకరించవలెననీ శాసించినది. ఆ శాసనపు చిత్తుప్రతిలో సత్యం కొంత గ్రంథంలో, కొంత సంప్రదాయంలో ఉన్నదని వ్రాసినారు. తుదిప్రతిలో 'కొంత, కొంత' అనే మాటలు తీసివేసి, 'గ్రంథంలోనూ, సంప్రదాయంలోనూ' అని మాత్రం ఉంచినారు. ఈ చిన్న సవరణ మీద నాలుగు వందల ఏండ్ల తరువాత పెద్ద చర్చ జరిగినది. సంప్రదాయం గ్రంథంలో లేని కొత్త సత్యాలు చెబుతుందా, లేక గ్రంథంలోని సత్యాన్నే విప్పిచెబుతుందా అన్న ప్రశ్నను ట్రెంటు తెరచియే ఉంచినదని కొందరు కథోలిక పండితులు వాదించినారు.

ఇక్కడ తెలుగు పాఠకులు గమనించదగిన సంగతి ఒకటి ఉన్నది. నూతన నిబంధన గ్రీకు మూలంలో సంప్రదాయానికి వాడిన మాట 'పరదోసిస్'. చేతి నుండి చేతికి అందించినది అని దాని అర్థం. తెలుగునాట బహుళ ప్రచారంలో ఉన్న ప్రొటెస్టెంటు అనువాదంలో, మార్కు సువార్త ఏడవ అధ్యాయంలో యేసు పరిసయ్యులను మందలించే చోట ఈ మాటకు 'పారంపర్యాచారము' అని ఉన్నది. అదే మాట, థెస్సలొనీకయులకు వ్రాసిన రెండవ పత్రిక రెండవ అధ్యాయంలో, నోటిమాట వలన గాని పత్రిక వలన గాని నేర్చినవాటిని నిలుపుకొమ్మని పౌలు హెచ్చరించే చోట, 'విధులు' అయినది. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో 'కట్టడలు' అయినది. ఖండించినచోట ఒక మాట, మెచ్చినచోట మరొక మాట. ప్రకరణాన్ని బట్టి అర్థం మారుతుంది గనుక అనువాదకులను తప్పుపట్టనక్కరలేదు. కాని మార్కులోని ఖండన చదివిన ప్రొటెస్టెంటు విశ్వాసికి, పౌలు ప్రశంస కూడా ఆ మాటనే ఉద్దేశించినదని తెలుగులో తెలియదు. పౌలు ప్రశంసను ఎత్తి చూపే కథోలిక విశ్వాసి కూడా, దేవుని ఆజ్ఞను కప్పివేసే సంప్రదాయాన్ని యేసు ఖండించిన సంగతి మరువరాదు. అందించినది దేవుని మాటా, మానవుల మాటా అని పరీక్షించవలసిన భారం ఉభయులకూ ఉన్నది.

పుస్తకాల సంఖ్య మరొక చిక్కు. ప్రొటెస్టెంటు బైబిలులో 66 గ్రంథాలు, కథోలిక బైబిలులో 73. తోబితు, యూదితు, సొలొమోను జ్ఞానగ్రంథం, సీరా పుత్రుని జ్ఞానగ్రంథం, బారూకు, మక్కబీయుల గ్రంథాలు రెండూ, ఈ ఏడూ అధికం. యూదుల హీబ్రూ గ్రంథసముదాయంలో ఇవి లేవు. గ్రీకు అనువాదంలో ఉన్నవి. ప్రాచీనులలో జెరోము వీటిని సందేహించినాడు, అగస్టీను అంగీకరించినాడు. ఇక్కడ కథోలికులు వేసే ప్రశ్న బలమైనది: బైబిలులో ఏయే గ్రంథాలు ఉండవలెనో చెప్పే పట్టిక బైబిలులో ఎక్కడా లేదు గదా; నూతన నిబంధనలోని 27 గ్రంథాల పట్టికను 367లో అతనాసియుసు తన లేఖలో ఇచ్చినాడు, 397లో కార్తేజు సభ ధ్రువపరచినది; ఆ సభల మాట నమ్మకుండా ఈ గ్రంథాన్ని నమ్మడం ఎట్లా? ప్రొటెస్టెంటుల సమాధానమూ తేలికగా త్రోసివేయదగినది కాదు. గీటురాయి మీద గీచి ఇది బంగారమని కంసాలి చెబుతాడు. అంతమాత్రాన దానిని బంగారం చేసినది కంసాలి కాడు. గ్రంథాల ప్రామాణ్యాన్ని సభ గుర్తించినదే గాని, కల్పించలేదని వారంటారు.

ఆ ఏడు గ్రంథాల ప్రభావం సమాధుల దగ్గర కూడా కనిపిస్తుంది. మృతుల కొరకు ప్రార్థించిన వృత్తాంతం మక్కబీయుల రెండవ గ్రంథంలో పన్నెండవ అధ్యాయంలో ఉన్నది. ఉత్తరించు స్థలంలోని ఆత్మల కొరకు కథోలికులు పూజలు చేయించడానికి ఆధారాలలో అది ఒకటి. ప్రొటెస్టెంటులకు ఆ గ్రంథమే ప్రమాణం కాదు గనుక ఆ ఆచారమూ లేదు. అయినా నవంబరు 2న సమాధుల పండుగ నాడు సున్నం వేసి, పూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగించే ప్రొటెస్టెంటు కుటుంబాలు తెలుగునాట అనేకం ఉన్నవి. వాక్యంలో ఉన్నదా అని అడిగితే వారు చూపగలిగిన వచనం లేదు. మా పెద్దలు చేసినారు, మేమూ చేస్తున్నామనేదే సమాధానం. డిసెంబరు 31 రాత్రి కూడికా అటువంటిదే. సంప్రదాయాన్ని కాదన్నవారికీ సంప్రదాయం ఉన్నది. అయితే ప్రొటెస్టెంటు పండితులు ఇక్కడ ఒక భేదం చూపుతారు. ఆచారం ఉండవచ్చును, అది మనస్సాక్షిని కట్టివేసే సిద్ధాంతం కారాదు.

మరియమాత విషయంలో ఆ భేదం ఎంత పదునైనదో తెలుస్తుంది. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో విజయవాడ గుణదల కొండకు యాత్రికులు తరలిపోతారు. అక్కడ 1924లో మాత స్వరూపం ప్రతిష్ఠించినారు. యాత్రకు పోవడం పోకపోవడం భక్తుని ఇష్టం. దానిని పోరాదనే ప్రొటెస్టెంటులు కూడా ప్రధానంగా తర్కించేది సిద్ధాంతం మీదనే. 1950 నవంబరు 1న పన్నెండవ పయస్ పోపు, మరియమాత ఆత్మశరీరాలతో పరలోకానికి కొనిపోబడినదని విశ్వాససత్యంగా ప్రకటించినాడు. ఈ సంగతి లేఖనంలో వివరంగా వ్రాసి లేదు. ప్రాచీనకాలం నుండి ప్రార్థనలలో, పండుగలలో సభ అంతా నమ్మినదే మేము స్పష్టంగా పలికినామని కథోలికులంటారు. లేఖనం పలుకనిదానిని రక్షణకు సంబంధించిన విశ్వాసంగా విధించే అధికారం ఎవరిచ్చినారని ప్రొటెస్టెంటులంటారు. ఈ ఒక్కచోట ఇరువురి మధ్య రాజీకి మాటలు దొరకడం కష్టం.

అయితే అపోహలు తొలగించుకోవడానికి మాత్రం మాటలు ఉన్నవి. లేఖనమే ప్రమాణమంటే బైబిలు తప్ప మరే గ్రంథమూ చదవరాదని లూథరు అనలేదు. ప్రాచీన విశ్వాస ప్రమాణాలను ఆయన గౌరవించినాడు. అవి లేఖనానికి లోబడినవన్నాడు. మరొక సంగతి: మన తెలుగువారిలో ప్రొటెస్టెంటు సువార్త వ్యాపించినదే ప్రధానంగా నోటిమాట వలన. 1878 జూలై 3న ఒంగోలు సమీపాన గుండ్లకమ్మ నదిలో ఒక్కనాడు 2,222 మంది బాప్తిస్మం పొందినారు. వారిలో అత్యధికులు అక్షరాలు రాని పేదలు. వారు వాక్యాన్ని చదివి నమ్మలేదు. ప్రసంగీకుల నోట, పాటలలో విని నమ్మినారు. కథోలికులు బైబిలును ప్రక్కన పెట్టినారనడమూ న్యాయం కాదు. 1969లో వెలువడిన పఠనక్రమం ప్రకారం ఆదివారపు పూజలలో సువార్త పఠనాలు మూడేండ్ల చక్రంగా సాగుతున్నవి. పూజకు తప్పక వచ్చేవారు లేఖనాన్ని విస్తారంగానే వింటారు.

ఇటీవలి కాలంలో ఉభయపక్షాలూ కొంత దగ్గరకు వచ్చినవి. 1962లో రెండవ వాటికన్ మహాసభ ఎదుటికి, దైవావిష్కరణకు రెండు ఆధారాలున్నవనే ధోరణిలో చిత్తుప్రతి ఒకటి వచ్చినది. చాలామంది బిషప్పులు వ్యతిరేకించగా, ఇరవైమూడవ జాన్ పోపు దానిని ఉపసంహరింపజేసినాడు. తిరిగి వ్రాసిన శాసనం 1965 నవంబరు 18న 2,344 ఓట్లతో, కేవలం 6 వ్యతిరేక ఓట్లతో నెగ్గినది. లేఖనమూ, సంప్రదాయమూ ఒకే దివ్యమైన ఊట నుండి ప్రవహిస్తున్నవనీ, బోధనాధికారం దేవుని వాక్కుకు పైన లేదు, దానికి సేవ చేస్తుందనీ అందులోని సారం. ప్రొటెస్టెంటుల వైపు 1963లో మాంట్రియాల్ నగరంలో జరిగిన సమావేశం, సువార్తను తరతరాలకు అందించే మూల పారంపర్యం వేరు, ఒక్కొక్క శాఖకు ఉన్న ఆచారాలు వేరు అని విడదీసినది. ఆంగ్లంలో పెద్దక్షరం, చిన్నక్షరం వాడి ఆ తేడా చూపినారు. మన లిపిలో పెద్దక్షరాలు లేవు గనుక, 'పారంపర్యం', 'ఆచారాలు' అని రెండు మాటలు వాడుకొనడం మనకు సులువు. 1968 నుండి ఉభయులూ కలిసి బైబిలు అనువదించడానికి సూత్రాలు కూడా ఏర్పడినవి.

ఇంత జరిగినా మూడవ ప్రశ్న మిగిలియే ఉన్నది. పారంపర్యం లేఖనాన్ని విప్పిచెబుతుందని ఇద్దరూ ఒప్పుకొన్నా, ఆ వివరణ తప్పయితే సరిదిద్దేది ఎవరు? లేఖనం చేతబట్టిన సంఘమంటారు ఒకరు. అపొస్తలుల వారసులైన బిషప్పులు, వారికి శిరస్సయిన పోపు అంటారు మరొకరు. ప్రొటెస్టెంటులు ఒకే గ్రంథం చదివి ఇన్ని శాఖలైనారు గదా అని కథోలికులు ఎత్తిపొడుస్తారు. సంప్రదాయాన్ని శిరసావహించే తూర్పు సంఘాలు, రోము 1054 నుండి విడిపోయియే ఉన్నవి గదా అని వీరు బదులు చెబుతారు. రెండు ఎత్తిపొడుపులలోనూ నిజం ఉన్నది.

ఇక మనం చెప్పుకొన్న కొత్త కోడలి మాట. ఆ వివాదం మహాసభలు తీర్చేవరకు ఆమె సంసారం ఆగదు. మిశ్రవివాహానికి అనుమతి ఇచ్చే ముందు, పుట్టబోయే బిడ్డలకు కథోలిక జ్ఞానస్నానం ఇప్పించడానికి శక్తివంచన లేకుండా ప్రయత్నిస్తానని కథోలిక పక్షం వారి చేత మాట తీసుకొనడం ఆ సభ నియమం. ఆ సంగతి రెండవ పక్షానికి ముందే తెలియజేయవలెననీ నియమం ఉన్నది. బాప్టిస్టులు బిడ్డను సంఘం ఎదుట దేవునికి ప్రతిష్ఠించి, పెద్దయినాక తానే నిర్ణయించుకోనిస్తారు. ఈ రెండూ ఒకే బిడ్డ విషయంలో పొసగవు. నిశ్చితార్థం నాడు పెట్టుపోతలు మాట్లాడుకొనే పెద్దలు, ఒక పూట ఫాదరుగారినీ పాస్టరుగారినీ కూర్చోబెట్టి ఈ సంగతి కూడా తేల్చుకొంటే, ఉయ్యాల నాడు కన్నీరు పెట్టవలసిన పని ఉండదు. ఎవరి ప్రమాణం వారిదే అయినా, ఎదుటివారి ప్రమాణం ఏమిటో తెలిసి మాట్లాడడం ఇద్దరి విశ్వాసానికీ విరుద్ధం కాదు.